మూడు వేల ఆరువందల ముద్రలు

సన్యాసిరావు తన అరవై ఒకటో ఏట మళ్లీ ఆరేళ్లవాడయ్యాడు. ఇందులో అతని ప్రమేయం ఏమీ లేదు. సర్కారు వారు చేశారు, కాగితం మీద చేశారు, గుండ్రటి ముద్ర వేసి మరీ చేశారు కాబట్టి కాదనడానికి వీల్లేకపోయింది.

అంతకు ముందు అతను విజయనగరం టెలిఫోను ఎక్స్చేంజిలో ముప్ఫై ఐదేళ్లు పనిచేసి రిటైరైన మెకానిక్కు. చేతికి స్క్రూడ్రైవరు దొరికితే చాలు, అన్నం సంగతి మరిచిపోయే రకం. ఇంట్లో ఉండేది అతనూ, అతని అక్క పైడమ్మా. అతని భార్యా, అక్క భర్తా ముందే దాటిపోయారు. పైడమ్మ నలభై ఏళ్లు జాకెట్లు కుట్టింది. ఆ కుట్టులో ఎడమకన్ను ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలియదు. కుడికన్ను గురించి డాక్టరు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు, నీటికాసులు బాగా ముదిరాయి, ఆరు నెలలు దాటితే తను మాటివ్వలేనని.

ఇంటికొచ్చాక పైడమ్మ ఒక్కటే మాట అంది. "కన్ను పోతే పోనీరా. పోయేలోగా అమ్మని ఒక్కసారి చూపించీ."

అమ్మ పోయి యాభై నాలుగేళ్లు. ఫొటో లేదు. ఎవరిదో పెళ్లిలో తీసిన ఒకే ఒక ఫొటోలో లావుపాటి పెదనాన్న వెనక నిలబడడంతో ఆమెవి గాజుల చెయ్యి, చీరచెంగు మాత్రమే పడ్డాయి. అయితే ఒక రీలుంది. విశాఖపట్నం రేవులో పనిచేసే మేనమామ అప్పన్న ఏదో ఓడ వంటవాడి దగ్గర బుల్లి సినిమా కెమెరా ఒకటి సంపాదించి, పండగా పబ్బమూ కాని ఒక మామూలు ఆదివారంనాడు వీళ్ల పెరట్లో దాన్ని గిర్రున తిప్పాడు. మూడు నిమిషాల ఇరవై సెకన్ల ఫిల్ము. అందులో అమ్మ ఉంది, పన్నెండేళ్ల పైడమ్మ ఉంది, ఆరేళ్ల సన్యాసి ఉన్నాడు. చూసే మిషను చెడిపోవడంతో రీలు బిస్కెట్ల డబ్బాలో ఉండిపోయింది. ఇప్పుడు మూత తీస్తే పులిసిన వాసన వేస్తోంది. ఫిల్ము కుళ్లుతోందన్నమాట.

సన్యాసిరావు రంగంలోకి దిగాడు. పాత ప్రొజెక్టరు ఒకటి సంపాదించి, మాడిపోయిన బల్బు పీకేసి చల్లటి ఎల్‌ఈడీ దీపం పెట్టాడు. మోటారు ఫిల్మును నమిలేస్తుందని భయపడి దాన్నీ పీకేశాడు. దాని బదులు పైడమ్మ కుట్టుమిషను చక్రానికి బెల్టు తగిలించాడు. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఒక్క బొమ్మ ముందుకొస్తుంది. ఆ బొమ్మని ఫొటో తియ్యాలి, మళ్లీ చక్రం తిప్పాలి. ఇలా మూడు వేల ఆరువందల బొమ్మలు తీసి కంప్యూటర్లో వరసగా పేరిస్తే అమ్మ టీవీలో నడుస్తుంది. చక్రం తిప్పడానికి కళ్లతో పని లేదు కనుక ఆ పని పైడమ్మది.

అంతా అమిరింది. ఆ రోజే ఇద్దరు మనుషులు పలకలాంటి కంప్యూటరు పట్టుకుని గుమ్మంలోకొచ్చారు.

ఆ ఏడాదిని సర్కారు 'స్మృతి సంరక్షణ సంవత్సరం'గా ప్రకటించింది. బస్సుల మీద 'మీ జ్ఞాపకం, మా బాధ్యత' అని రాశారు. బళ్లో పిల్లలచేత జ్ఞాపకాల మీద వ్యాసాలు బట్టీ పట్టించారు. 'గృహ చలన స్మృతుల నియంత్రణ సంస్థ' అని ఒకటి పెట్టి, పాత ఉల్లిపాయల గిడ్డంగి మేడ మీద దానికో ప్రాంతీయ కార్యాలయం తెరిచారు. పద్నాలుగుమంది సిబ్బంది. ఎనిమిది నెలలుగా నియంత్రించడానికి ఒక్క స్మృతి కూడా దొరక్క అందరూ ఈగలు తోలుకుంటున్నారు.

"అమ్మా, ఇంట్లో కదిలే బొమ్మల రీళ్లు ఏవైనా ఉన్నాయాండీ?" అని సర్వేవాళ్లు అడిగారు.

"లేకేటి బాబూ, ఉంది. అందులో మా అమ్మ ఉంది," అంది పైడమ్మ సంబరంగా.

గంటలో జీపు వచ్చింది. బిస్కెట్ల డబ్బాకి గుడ్డ చుట్టి, లక్క కరిగించి నాలుగువైపులా సీలు వేశారు. ఇంట్లో సొంతంగా స్మృతిని డిజిటలీకరించడం తొమ్మిదో సెక్షను కింద నేరమట. అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలట. డబ్బా ఇంట్లోనే ఉంచి, దాన్ని ముట్టుకోబోమని ఇద్దరిచేతా సంతకాలు తీసుకుని వెళ్లారు.

మర్నాడు సన్యాసిరావు ఉల్లిపాయల మేడ ఎక్కాడు. నియంత్రణాధికారి కృపానిధిగారు అతన్ని చూసి లేచి నిలబడినంత పనిచేశారు. ఆ కార్యాలయానికి వచ్చిన మొదటి దరఖాస్తుదారు అతనే.

"చూడండి సన్యాసిరావుగారూ, స్మృతి అనేది జాతి సంపద. దానిని ఎవరికి వారు ఇళ్లలో అనియంత్రితంగా స్మరించుకొనుట సంస్థాపరంగా వాంఛనీయం కాదు."

"మా అమ్మండి."

"కావచ్చును. అది నిర్ధారణ కావలసి ఉన్నది. ఇక ఏడవ నియమం. చిత్రమందు కనిపించు వ్యక్తులందరి సమ్మతి, చిత్రమందు కనిపించు వయస్సునందు, జతపరచవలెను."

"నాదైతే ఇప్పుడే పెట్టీస్తానండి సంతకం."

"మీరు దరఖాస్తుదారు. చిత్రితుడు వేరు. ఆయన వయస్సు ఆరు సంవత్సరములు."

"ఆయనా నేనేనండి."

"అది మీ అభిప్రాయం," అన్నారు కృపానిధిగారు ఎంతో దయగా. "రేపు ఆ ఆరేళ్ల బాలుడు, నా సమ్మతి లేక నన్నెందుకు చూపారు అని అడిగితే సంస్థ ఏమని సమాధానమిచ్చును? మైనరు కనుక ఆయన సంరక్షకురాలి సంతకం కావలెను."

"సంరక్షకురాలంటే మా అమ్మేనండి. పోయింది."

"విచారకరం. అట్లయిన ఆవిడ వారసుల సంతకం."

"వారసులం మేమిద్దరమేనండి."

"వారు మైనర్లు గదా."

సన్యాసిరావు కాసేపు కిటికీలోంచి కింద బజారు చూశాడు. కొత్తిమీర అమ్ముకునే ఆవిడ కట్టకి ఎవరి సమ్మతీ లేకుండా నీళ్లు చల్లుకుంటోంది. అంత సుఖమైన ఉద్యోగం లోకంలో ఇంకొకటి లేదనిపించింది.

చిక్కుముడి విప్పడానికి సంస్థ వేసిన సంఘం పదకొండు రోజులు కూర్చుంది. చివరికి కృపానిధిగారే దారి కనిపెట్టారు. అనాథలైన చిత్రితులకు సంస్థే సంరక్షక బాధ్యత వహించునని ఉత్తర్వు తీశారు. సంస్థ తరఫున జూనియర్ అసిస్టెంటు నీరజాక్షిని నియమించారు. ఆ అమ్మాయికి ఇరవై ఆరేళ్లు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే కావడంతో కాదనే ధైర్యం లేక ఒప్పుకుంది. ఆ విధంగా ఒక్క సంతకంతో ఆమెకి అరవై ఒక్కేళ్ల కొడుకూ, అరవై ఏడేళ్ల కూతురూ దఖలు పడ్డారు.

మొదటి నెల తనిఖీకి నీరజాక్షి ఫారం పట్టుకుని ఇంటికొచ్చింది. కుర్చీ అంచు మీద కూర్చుంది.

"బాబాయ్‌గారూ, ఏమనుకోకండి. ఇవి అడగాలంటున్నారు. బాలుడు పాలు తాగుతున్నాడా?"

"కాఫీలో పోసుకుంటాడమ్మా," అంది పైడమ్మ.

"పెద్దల మందులేవైనా అందుబాటులో ఉన్నాయా?"

ఉన్నాయి. అలమరలో బీపీ మాత్రలు. అట్టమీద 'పిల్లలకు అందకుండా ఉంచండి' అని స్పష్టంగా అచ్చువేసి ఉంది. నీరజాక్షి వాటిని పైఅరలోకి మార్చింది. పైఅరలోంచి దింపుకోవడానికి సన్యాసిరావు స్టూలు ఎక్కాలి. స్టూలు ఎక్కితే బీపీ పెరుగుతుంది.

"బాలిక పొయ్యి దగ్గరికి వెళ్తోందా?"

"వెళ్లకపోతే నీకు టీ ఎవులిస్తారమ్మా?" అని పైడమ్మ గ్లాసు చేతికిచ్చింది. నీరజాక్షి సిగ్గుపడుతూనే టీ తాగింది.

"ఆఖరి ప్రశ్న. బాలుడు తల్లి కోసం ఏడుస్తున్నాడా? అవునైతే కారణం రాయాలట."

సన్యాసిరావు పెద్దగా నవ్వాడు. "లేదని రాయమ్మా. ఏడవడానికి తీరికెక్కడిది, మీ ఆఫీసు చుట్టూ తిరగడమే సరిపోతంది."

ఆమె 'లేదు' అని రాసి, ముద్ర వేసుకుని వెళ్లింది. ఆ నివేదిక చదివిన కృపానిధిగారు నిద్రపోకుండా ఆలోచించి ఉండాలి, ఎందుకంటే వారం తిరక్కుండా మూడు తాఖీదులొచ్చాయి. పన్నెండేళ్ల బాలికచేత జాకెట్లు కుట్టించుట బాలకార్మిక నిషేధానికి విరుద్ధం కనుక కుట్టుమిషను వాడకము ఆపవలెను. ఆరేళ్ల బాలుడు బడికి ఎందుకు హాజరు కావడంలేదో వివరణ ఇవ్వవలెను. అదే బాలుడు స్కూటరు నడుపుతూ మూడు పర్యాయములు కార్యాలయమునకు వచ్చినట్లు గమనించడమైనది, తాళంచెవి తక్షణమే సంరక్షకురాలికి అప్పగించవలెను.

తాళంచెవి అప్పగించాడు. అప్పట్నుంచీ విజయనగరం జనం ఒక వింత చూశారు. నీరజాక్షి అతని స్కూటరే నడుపుతూ ఉంటే, అతను వెనక సీటు మీద ఫైలు గుండెలకి హత్తుకుని కూర్చుని ఆఫీసుకి పోయేవాడు. ఎక్స్చేంజిలో అతని కింద పనిచేసినవాళ్లు టీకొట్టు దగ్గర్నుంచి దండం పెట్టేవారు. అతను చూడనట్టు మొహం తిప్పుకునేవాడు. అవమానమే, కానీ నవ్వొచ్చే అవమానం. నవ్వురానిది ఇంట్లో ఉంది.

గోడమీద కేలండరు ఉంది. రోజూ పొద్దున్న మంచంమీంచే పైడమ్మ తారీఖు చదివేది. తర్వాత మంచం ఆ గోడవైపు జరిపారు. ఇంకో నెలకి కేలండరే తీసి మంచం పక్క మేకుకి తగిలించారు. మూడో నెలలో ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని, అంకె మీద వేలు పెట్టి, మొహం దగ్గరికి తెచ్చుకుని చదివింది.

"ఏటిరా సన్యాసీ, నువ్వు పెద్దోడివయ్యేసరికి నాకు కళ్లుంటాయంటావా?" అనేది. అతనికి ఒళ్లు మండిపోయేది. ఎవరి మీద మండాలో తెలిసేది కాదు. కృపానిధిగారు ఒక్కసారైనా కసిరి ఉంటే బాగుండేది, ఆయన ప్రతిసారీ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి మరీ ఆలస్యం చేసేవారు.

తర్వాత పదకొండో అనుబంధం వచ్చి పడింది. ఏ బొమ్మలో ఎవరున్నారో పట్టిక ఇవ్వవలెను. పట్టిక ఇవ్వాలంటే చూడాలి. చూడాలంటే అనుమతి కావాలి. అనుమతికి పట్టిక కావాలి. సంఘం మళ్లీ కూర్చుని, ప్రతి బొమ్మకీ ఫొటో తీసి, కాగితం మీద అచ్చువేసి, రెండు ప్రతులు జతచేయవచ్చునంది. అది డిజిటలీకరణ కాదు, అనుబంధం మాత్రమే. కెమెరా కార్యాలయానిది, కార్డు కార్యాలయానిది, పని సంరక్షకురాలి కళ్లెదుట జరగాలి. కుట్టుమిషను చక్రాన్ని బాలిక తిప్పడానికి నీరజాక్షి 'ఆటవస్తువు' అని రాసి మినహాయింపు సంపాదించింది.

లక్క పగలగొట్టారు. నాలుగు రోజులు కూర్చున్నారు. పైడమ్మ చక్రం తిప్పేది. సన్యాసిరావు మీట నొక్కేవాడు. నీరజాక్షి అంకె వేసేది. బొమ్మ చిటికెనవేలి గోరంత కూడా లేదు.

"ఇప్పుడేటి కనిపిస్తంది?" అని అడిగేది పైడమ్మ.

అతను భూతద్దంలోంచి చూసి చెప్పేవాడు. "అమ్మ గడప దాటతంది."

ఇంకో పది చుట్లు తిప్పి, "ఇప్పుడో?"

"ఇంకా గడప దగ్గరేనే అక్కా. పద్దెనిమిది కుట్లు పడితేగాని సెకను అవదు."

"తొందరేటి, నెమ్మదిగానే రానీ," అంది పైడమ్మ. నలభై ఏళ్లు బట్టని సూదికిందకి నడిపిన చేతులు ఒక్క బొమ్మకూడా తప్పిపోనివ్వలేదు.

మూడోరోజు సన్యాసిరావు కళ్లు లాగేస్తూంటే నీరజాక్షి భూతద్దం తీసుకుంది. "చెయ్యి ఊపుతున్నారండి. వద్దు వద్దు అన్నట్టు. నవ్వుతున్నారు కూడా. ఎడమవైపు పన్ను మీద పన్ను ఉంది."

పైడమ్మ చక్రం ఆపేసింది. "అవును," అంది. "ఉండేది. నాను మరిచిపోనాను."

పని అవగానే కార్డు, కెమెరా, ఫిల్ము మూడూ ఆఫీసుకి చేరాయి. మూలప్రతిని భద్రపరచడం సంస్థ ధర్మమట. గాలి దూరని ఇనప్పెట్టె ఒకటి ప్రత్యేకంగా చేయించారు.

"అయ్యా, ఆ ఫిల్ము పులిసిపోతంది. దాని ఆవిరి దానికే విషం. గాలి తగలాలండి," అని సన్యాసిరావు చేతులు పట్టుకున్నంత పనిచేశాడు.

"మన సంరక్షణలో గాలికి సైతం ప్రవేశం లేదు. నిశ్చింతగా వెళ్లండి," అన్నారు కృపానిధిగారు గర్వంగా.

ఆ తర్వాత రెండు నెలలు నీడ మీద నడిచాయి. ఫిల్ము చివర్లో కెమెరా పట్టుకున్న మేనమామ నీడ పెరటి గోడమీద పడింది. నీడకి యజమాని ఎవరు, నీడ చిత్రితుడా కాదా, ఆయన పోయాక ఆయన నీడ ఎవరికి సంక్రమించును అని మూడు సమావేశాలు జరిగాయి. నాలుగోదానికి మూలప్రతితో సరిచూద్దామని పెట్టె తెరిచారు. గదంతా పుల్లటి కంపు కొట్టింది. చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని ఫిల్ము బెల్లపు అచ్చులా ముద్దకట్టేసింది. విప్పబోతే చితికిపోయింది.

ఉత్తర్వు అదే వారంలో వచ్చింది. అంత వేగంగా ఆ కార్యాలయంలో జరిగిన పని అదొక్కటే. "సదరు ఫిల్ము ప్రస్తుతము అస్తిత్వములో లేనందున, లేని ఫిల్మును డిజిటలీకరించుటకు అనుమతి ఇచ్చు ప్రశ్న ఉత్పన్నము కాదు. ఫైలు మూసివేయడమైనది."

సన్యాసిరావు అది చదువుకుని, ఉల్లిపాయల మేడ మెట్ల మీద కూలబడ్డాడు. ఇంటికెళ్లి అక్కకి చెప్పనే లేదు. ఆవిడ అతని అడుగుల చప్పుడు విని, ఏమీ అడక్కుండా కంచం పెట్టింది. ఆ రోజు కేలండరు అడగలేదు కూడా.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే స్కూటరు చప్పుడైంది. నీరజాక్షి ముందు గుడ్డసంచీ, వెనక గుడ్డసంచీ పెట్టుకుని దిగింది. రెంటిలోనూ కాగితాల కట్టలు.

"ఇరవై మూడో నియమం," అంది ఊపిరి తీసుకోకుండా. "ఫైలు మూసేశాక అనుబంధాల రెండో ప్రతి మైనరు సంరక్షకురాలి దగ్గరుండాలి. రాసింది కృపానిధిగారే, సంతకం పెట్టించుకునే తెచ్చాను. పేజీకి పన్నెండు, మూడువందల పేజీలు. అయితే బాబాయ్‌గారూ, ప్రతి బొమ్మ మీదా ఆఫీసు ముద్ర ఉంది. తప్పదు మరి. ముద్ర లేకపోతే బయటికి రానివ్వరు."

"వీటిని నేను మళ్లీ ఫొటోలు తీస్తే నేరం కాదా అమ్మా?"

"ఏ ఫిల్ముని డిజిటలీకరించారని పెడతారు కేసు? అలాంటి ఫిల్మే లేదని ఉత్తర్వు ఉంది కదండీ మీ దగ్గర."

ఉత్తర్వు చేతికొచ్చాక సన్యాసిరావు దాన్ని ఇష్టంగా చదవడం అదే మొదటిసారి.

తొమ్మిది రోజులు పట్టింది. కాగితాల్ని బల్లమీద పరిచి, ఒక్కొక్క గడినీ ఫొటో తీసి, కంప్యూటర్లో వరసగా పేర్చాడు. పదో రోజు మధ్యాహ్నం తలుపులు వేసి, టీవీకి జానెడు దూరంలో పీట వేసి పైడమ్మని కూర్చోబెట్టాడు. నీరజాక్షి ఆ నెల ఫారం పట్టుకుని తనిఖీకి వచ్చింది. ఆమెనీ కూర్చోమన్నాడు.

పెరడు కనిపించింది. గడప కనిపించింది. అమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్లు నిండని మనిషి, కొంగు బొడ్లో దోపుకుని, తడిచెయ్యి చీరకి తుడుచుకుంటూ. పక్కన గుండ్రటి ఊదారంగు ముద్ర ఒకటి గెంతుతోంది. చేత్తో వేసిన ముద్రలు కదా, ఒకటున్నచోట ఇంకొకటి లేదు. అమ్మ ఎడమకి నడిస్తే ముద్ర కుడిమూలకి పారిపోతోంది. అమ్మ కుడికి తిరిగితే పైకెగిరి గోడమీద వాలుతోంది. సన్యాసిరావు ముందుకు వంగి చూశాడు. ముద్ర వ్యక్తి మీదనే పడవలెనని పదకొండో అనుబంధంలో ఉంది. మూడు వేల ఆరువందల బొమ్మల్లో ఒక్కదానిలోనైనా అమ్మ మొహం మీద పడలేదు.

అతను నీరజాక్షి వైపు చూశాడు. ఆ అమ్మాయి కళ్లు దించుకుని, "మూడు శనివారాలు, మూడు ఆదివారాలు పట్టిందండి," అంది. ఆమె కుడి బొటనవేలికి ఊదారంగు ఇంకా వదల్లేదు.

తెరమీద అమ్మ కెమెరాని చూసి, వద్దు వద్దు అన్నట్టు చెయ్యి ఊపింది. ఆ చేతికి తగలకుండా ముద్ర ఇటూ అటూ గెంతింది. అమ్మ ఊపేకొద్దీ అది దూరం జరిగింది. అమ్మ పన్ను మీద పన్ను కనబడేలా నవ్వింది.

పైడమ్మ పకపకా నవ్వేసింది. "సన్యాసీ, సూడరా. అమ్మ ఆళ్ల సీలుని ఈగని తోలినట్టు తోలీస్తంది."

ఫిల్ము అయిపోయింది. "మళ్లీ వెయ్యి," అంది. వేశాడు. మూడోసారికి ఆవిడ నవ్వడం మానేసి, టీవీ అద్దం మీద అమ్మ చెంప దగ్గర వేలు పెట్టి, అమ్మ ఎటు కదిలితే అటు వేలు జరిపింది. చక్రం తిప్పిన వేలే. వెనక నిలబడ్డ సన్యాసిరావు మొహం దాచుకోవడానికి కండువా వెతుక్కున్నాడు. దొరకలేదు.

నీరజాక్షి ఒళ్లో ఫారం ఉంది. పాలు, మందులు, పొయ్యి, అన్నీ ఎప్పట్లాగే నింపింది. ఆఖరి ప్రశ్న దగ్గర కలం ఆపి, అతని వైపు ఒకసారి చూసింది. బాలుడు తల్లి కోసం ఏడుస్తున్నాడా అన్నచోట 'అవును' అని రాసింది. కారణము అన్న గడిలో, కార్యాలయ భాషలోనే, 'తల్లి వచ్చినది' అని రాసి సంతకం పెట్టింది.